పొట్టు వదిలిన చోటు

ఎడమకు రెండు ఊపులు, కుడికి రెండు, ఆ పైన అరచేత్తో జల్లెడ అడుగున ఒక చరుపు. మళ్ళీ ఎడమకు రెండు. ఎనిమిది కొట్టేసరికే పొట్టు బాబాయి ముందు మోకాలెత్తు కుప్ప పడింది. కుప్పదీ ఆయనదీ ఒకటే రంగు. కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు, మెడ మీది ముడతలు, కాలిగోళ్ళ సందులు, అన్నింటినీ ఆ లేత చెక్కరంగు కప్పేసింది. ముక్కుకీ నోటికీ అడ్డంగా కట్టుకున్న గుడ్డమీద ఊపిరి తగిలే చోట మాత్రం రూపాయంత తడి. నాలుగు చరుపులకోసారి దగ్గు. ఆ దగ్గు కూడా జల్లెడ లయలోనే వచ్చేది, పని ఆగకుండా.

తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి హాజరుపట్టీలో ఉంది. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఆయనే తల తిప్పడు. అరవై రెండేళ్ళ మనిషి, అందరికీ పొట్టు బాబాయే.

పని చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. మిల్లు నుంచి గోతాల్లో రంపపు పొట్టు వస్తుంది. ఆయన జల్లిస్తాడు. దాన్ని అవతలి షెడ్డులో మట్టితో కలిపి, నీళ్ళు పోసి పిసికి, ప్రెస్సులో పెట్టి కుండలు నొక్కుతారు. ఆరబెట్టి బట్టీలో కాలుస్తారు. కాలాక పొట్టు ఉండదు, పొగైపోతుంది. అది పోయిన చోటల్లా సందు మిగులుతుంది. నీళ్ళు దూరేంత సందు, నీళ్ళలోని పురుగు దూరలేనంత సందు. ఆ కుండలో మురికినీళ్ళు పోస్తే, కింద బకెట్టులోకి మంచినీళ్ళు చుక్క చుక్కగా దిగుతాయి. కరెంటు వద్దు, మందు వద్దు, ఎవడి దయా వద్దు. ఇంత గొప్ప వస్తువు గురించి ఏ పెద్దమనిషీ గొంతెత్తి మాట్లాడడు. అది లేకపోతే చచ్చేవాళ్ళు ఆ పెద్దమనిషి చుట్టాలు కారు మరి.

మట్టి పిసికేవాళ్ళు ఇది మా కుండ అని చూపించుకోగలరు. బట్టీ దగ్గరివాళ్ళు ఇది మా కాల్పు అనగలరు. పొట్టు బాబాయికి చూపించుకోడానికి ఏమీ లేదు. భార్య బతికున్నప్పుడు, "అసలక్కడ నువ్వేం చేస్తావయ్యా?" అని అడిగితే, "కాలిపోయేది తయారుచేస్తాను" అనేవాడు. ఎవరడిగినా పందొమ్మిదేళ్ళుగా అదే జవాబు.

ఇరవై రోజులుగా షెడ్డులో చీకటి. అంతకు ముందు పైరేకుకి బొటనవేలు పట్టేంత చిల్లు ఉండేది. పొద్దున్నే అందులోంచి ఎండ కర్రలా ఏటవాలుగా దిగేది. ప్రతి కుప్పా అయ్యాక బాబాయి ఒక చిటికెడు తీసి ఆ ఎండలోకి విసిరి లెక్కపెట్టేవాడు. ముతక పొట్టయితే మూడు లెక్కపెట్టేలోపు కిందపడుతుంది. సన్నదయితే తొమ్మిదిదాకా ఎండలోనే ఈదుతుంది. తొమ్మిది రాని కుప్పను మళ్ళీ జల్లించేవాడు. ఇది ఎవరూ నేర్పింది కాదు, ఏ కాగితంలోనూ రాసిలేదు. వాన కురిసి మట్టిబస్తాలు తడిశాయని, ఒకరోజు నిచ్చెన వేసి ఆ చిల్లు మీద రేకుముక్క పరిచి తారు పూసేశారు. బాబాయి కింద నిలబడి చూశాడు. అప్పటినుంచి చిటికెడు తీసి వేళ్ళమధ్య నలిపి సరేలే అనుకుంటున్నాడు. పందొమ్మిదేళ్ళు పొట్టులో అరిగిన వేళ్ళు అవి. వాటికి ముతకేంటి, సన్నమేంటి.

ఇవాళ మనసు కుప్ప మీద లేదు. అవతలి షెడ్డులో తొంభై ఆరు కుండలు రాత్రంతా నీళ్ళలో నానాయి. ఇప్పుడు వాటికి పరీక్ష. పరీక్ష నెగ్గితే మధ్యాహ్నం బండెక్కి రైలుపట్టాల అవతలి బస్తీకి పోతాయి. ఆ బస్తీకి కొళాయి గొట్టం మురుగుకాలవ లోంచే వేశారు. గొట్టం ఎక్కడో పగిలింది. మూడు అర్జీలు పెట్టారు. మూడింటికీ ముద్ర వేసి పుచ్చుకున్నారు, అక్కడితో సరి. బాబాయి కూతురు ఉండేది ఆ బస్తీలోనే. దాని రెండేళ్ళ పిల్ల ఎనిమిది రోజుల క్రితం నీళ్ళవిరేచనాలతో వాడిపోయింది. కళ్ళు గుంటలు పడ్డాయి. ఏడుద్దామంటే పిల్లకి కన్నీళ్ళు రాలేదు. రెండు రోజులు సెలైను ఎక్కిస్తే తేరుకుని ఇంటికొచ్చింది. వచ్చి తాగుతున్నది మళ్ళీ ఆ కొళాయి నీళ్ళే. పొయ్యి మీద రోజుకి ఒక గిన్నెడు కాచగలదు కూతురు, ఆ పైన వల్ల కాదు.

"పందొమ్మిదేళ్ళు అక్కడ చేశావు నాన్నా, మనింట్లో ఒక్క కుండ లేదు" అంది నిన్న.

"జాబితాలో నీది పద్నాలుగో నంబరే. రేపొస్తుంది."

"నువ్వు తెస్తావా?"

"నేనే తెస్తా."

పరీక్ష చేసేది గంటక్క. నానిన కుండని అంచుదాకా నింపి, సరిగ్గా గంట ఆగి, రెండు గీతలున్న కొలకర్ర లోపల పెడుతుంది. నీటిమట్టం రెండు గీతల మధ్య ఉంటే కుండ మంచిది. పై గీత దాటి దిగకపోతే మొండిది. కింద గీత కంటే దిగిపోతే దొంగది, నీళ్ళతో పాటు అన్నిటినీ వదిలేస్తుంది. ఆ గంటసేపూ ఆమెను కదిలించగల మగాడు ఇంకా పుట్టలేదని అందరూ అంటారు. మొగుడు పోయాడని కబురొచ్చిన రోజున కూడా గంట పూర్తయ్యాకే లేచిందట. ఎవరైనా అడిగితే, "ఆయన ఎటూ పోడుగా, నీళ్ళయితే దిగిపోతాయి" అందిట.

బాబాయి జల్లెడ పక్కన పెట్టి వెళ్ళేసరికి ఆమె పదకొండో కుండలోంచి కర్ర తీస్తోంది. మొహం నల్లగా ఉంది.

"ఏమైందే?"

"నీళ్ళు పరిగెత్తుతున్నాయి బాబాయ్. మొదటి రెండూ బాగున్నాయి. తర్వాతన్నీ పరుగే."

"కాల్పు సరిపోలేదేమో" అన్నారు ఎవరో.

ఆ మాట కుండలు కాల్చే బట్టీ మామకి తగిలింది. చేతిలోని గుడ్డ విసిరికొట్టాడు. "అన్నిటికీ బట్టీయే దొరికిందా మీకు? మూడురోజులు ఆ మంట ముందు కూర్చుని నా కనుబొమలు పోయాయి. ఇంకేం కాల్చమంటారు, నన్నా?"

"నువ్వు కాలినా కుండ బాగుపడదులే, ఊరుకో" అంది గంటక్క.

మేనేజరమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, మోచేతుల దాకా మట్టి, కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడుతుంది. వరసగా ఇరవై కుండలు చూసింది.

"పురుగు చచ్చేలా వెండినీళ్ళు రెండు పూతలు వేసి పంపేద్దామా?" అంది నెమ్మదిగా. "అక్కడ పిల్లలు మురుగు తాగుతున్నారు. పూర్తిగా మంచివి కాకపోయినా, ఏమీ లేనిదాని కంటే నయం కదా."

పొట్టు బాబాయి గుండె అదే అంది. పంపేయండమ్మా అని గొంతుదాకా వచ్చింది.

"నయం కాదమ్మా" అంది గంటక్క. "నీళ్ళు మురికివని తెలిసినవాడు ఒక గిన్నెడైనా కాచుకుంటాడు. ఫిల్టరు ఉందిలే అని నమ్మినవాడు అది కూడా మానేస్తాడు. మనం కుండ ఇవ్వం, ధైర్యం ఇస్తాం. ఉత్త ధైర్యం ఇస్తే పిల్లలు పోతారు."

అదీ చదువంటే. అయిదో తరగతి దాటని మనిషి చెప్పిన ఆ మాటను అర్జీల మీద ముద్రలు వేసే గదులన్నిట్లో గోడల మీద రాయాలి.

మేనేజరమ్మ తలూపింది. సుత్తి తీసుకుని ఒక కుండని మధ్యకి పగలగొట్టింది. పెంకు అంచుని వెలుతురుకి తిప్పి, కళ్ళజోడు పెట్టుకుని, సంచిలోంచి చిన్న భూతద్దం తీసి చూడసాగింది. కాల్పు బాగానే ఉంది అంది. బట్టీ మామ ఊపిరి వదిలాడు. ఇంకా చూస్తూనే ఉంది.

"ఓసారి నేను చూడొచ్చా అమ్మా?" అన్నాడు పొట్టు బాబాయి.

అందరూ ఆయనవైపు తిరిగారు. ఇన్నేళ్ళలో ఆయన దేన్నీ అడిగిన గుర్తు ఎవరికీ లేదు.

భూతద్దం పట్టుకోవడం తెలీక మొదట తన బొటనవేలునే చూశాడు. అది గుంజలా కనిపించి ఉలిక్కిపడ్డాడు. గంటక్క చెయ్యి పట్టి సర్దింది. పెంకు అంచు ముందు మసక మసగ్గా కదిలింది, తర్వాత ఒక్కసారిగా నిలబడింది.

మట్టి విచ్చుకుంది. ఎర్రటి కొండలు, కొండల నిండా గుహలు. గుహ వెనక గుహ, దాని లోపల ఇంకో గుహ, లెక్కలేనన్ని. ఒక్కటీ గుండ్రంగా లేదు. ఒకటి సన్నగా పొడుగ్గా, ఒకటి కొస విరిగి, ఒకటి కొంచెం వంగి. ఆ ఆకారాలు ఆయనకి తెలుసు. ఎండలోకి విసిరినప్పుడు అలా వంగి, అలా కొస విరిగి, అలాగే ఈదేవి. పొట్టు పలుకు లేదు. పలుకు పడుకున్న పక్క మాత్రం చెదరకుండా ఉంది.

ఆయన అలాగే నేలమీద కూర్చున్నాడు. భూతద్దం కంటినుంచి తియ్యలేదు.

"ఇది నా పొట్టే" అన్నాడు.

"పొట్టు కాలిపోయింది కదా బాబాయ్" అన్నాడు బట్టీ మామ.

"కాలిపోయింది. ఇక్కడే ఉంది."

ఎవరూ నవ్వలేదు. పందొమ్మిదేళ్ళు ఊపిన ప్రతి ఊపూ ఎక్కడికో పొగై పోయిందనుకున్నాడు ఆ మనిషి. ఎక్కడికీ పోలేదు. వేల ఇళ్ళలో, వేల కుండల గోడల్లో, ఒక్కో పలుకూ తన చోటు తను ఉంచుకునే ఉంది. ఆ చోట్ల గుండా ఈ నిమిషాన కూడా ఎవరి గ్లాసులోకో నీళ్ళు దిగుతున్నాయి. కట్టిన గోడలు చూసుకుని మురిసే మేస్త్రీలున్నారు. ఖాళీని కట్టిన మేస్త్రీ ఈయన. ఆ సంగతి ఆయనకి ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు.

చూస్తూ చూస్తూ ఒకచోట ఆగిపోయాడు. ఆ సన్నటి గుహల మధ్య నువ్వుగింజంత గొయ్యి. దాని పక్కన ఇంకోటి. ఇంకోటి. పొట్టు కాలింది గానీ తప్పు కాలలేదు.

లేచి వెళ్ళి జల్లెడ తెచ్చాడు. ఆకాశానికి ఎత్తి పట్టాడు. తీగ ఎక్కడా తెగలేదు. రోజూ అరచేయి తగిలే చోట మాత్రం, చరిచీ చరిచీ తీగలు పక్కకి జరిగాయి. అంత మేర వెలుతురు ముతకగా దిగుతోంది.

"నా చెయ్యే" అన్నాడు. "బట్టీది కాదు, మట్టిది కాదు. నా చెయ్యి చేసింది ఇది."

"ఎప్పట్నుంచి?" అంది మేనేజరమ్మ.

"జల్లెడ ఎప్పుడు వదులైందో తెలీదమ్మా. ఎండ ఉన్నప్పుడైతే కుప్పలో తెలిసిపోయేది. మీరు పైన చిల్లు మూసినప్పట్నుంచి తెలీలేదు." ఎండలో పొట్టు విసరడం, తొమ్మిదిదాకా లెక్కపెట్టడం, అంతా చెప్పాడు. అంత పొడుగు మాట ఆయన నోట అదే మొదటిసారి.

మేనేజరమ్మ కళ్ళజోడు తీసేసింది. "మరి అప్పుడే చెప్పొచ్చుగా బాబాయ్? రేకు ఎక్కించిందే నేను."

"కప్పుకి చిల్లు ఉంచండని ఎలా అడగనమ్మా? పిచ్చోడనుకోరూ."

ముందు గంటక్క ఫక్కున నవ్వింది. తర్వాత మేనేజరమ్మ. బట్టీ మామ నవ్వుతూనే నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. రేకెక్కి తారుముక్క ఊడబీకాడు. చీకటి షెడ్డులోకి ఎండ మళ్ళీ కర్రలా దిగింది. గోదాములో ఉన్న కొత్త వల తెచ్చి చట్రానికి బిగించారు. బాబాయి రెండు దోసిళ్ళ పొట్టు జల్లించి, చిటికెడు తీసి, ఎండలోకి విసిరాడు.

పొట్టు పడలేదు. ఎండలో నిలబడింది. ఒక్కో రవ్వా మెరుస్తూ, తిరుగుతూ, దిగాలా వద్దా అన్నట్టు తేలింది. ఎనిమిది మంది పనివాళ్ళు నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తూ, ఎవరూ చెప్పకుండానే గట్టిగా లెక్కపెట్టారు. ఆరు. ఏడు. ఎనిమిది. తొమ్మిది. పదకొండు అన్నాక కూడా ఇంకా నాలుగు రవ్వలు పైనే ఉన్నాయి.

"ఇన్నాళ్ళూ ఇదంతా ఒక్కడివే చూశావా?" అన్నాడు బట్టీ మామ. గొంతులో కొంచెం అసూయ ఉంది.

ప్రతి కుండ అంచు మీదా నొక్కిన తేదీ ఉంటుంది. తేదీలవారీగా విడదీసి మళ్ళీ కొలిచారు. చిల్లు మూయకముందు జల్లించిన పొట్టుతో చేసినవి ఇరవై రెండు. ఆ ఇరవై రెండే రెండు గీతల మధ్య నిలబడ్డాయి. మిగతావి డెబ్బై నాలుగు. సుత్తి బట్టీ మామ తీసుకోబోతే పొట్టు బాబాయి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

ఒక్కో కుండనీ తనే పగలగొట్టాడు. ఒక్కో దెబ్బకీ ఒక ఇల్లు గుర్తొచ్చింది. డెబ్బై నాలుగు ఇళ్ళు ఇంకో మూడు వారాలు ఆ కొళాయే తాగాలి. ఆరబెట్టిన పచ్చికుండలు కూడా పనికిరావని తేలింది, అన్నీ మొదటినుంచి చెయ్యాలి. యాభై దాటాక ఎడమ భుజం పట్టేసినట్టయింది. కాసేపు సుత్తి మీద ఒరిగి నిలబడ్డాడు.

"చాల్లే బాబాయ్, నేను కానిస్తా" అంది గంటక్క.

"నువ్వు కొలుచుకో" అని మళ్ళీ ఎత్తాడు.

ఇరవై రెండు కుండలకీ వెండినీళ్ళు పూసి, ఎండలో ఆరనిచ్చి, మూడు గంటలకి బండెక్కించారు. బట్టీ మామ నడిపాడు. పొట్టు బాబాయి వెనక కుండల మధ్య కూర్చుని, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో అటూ ఇటూ పట్టుకున్నాడు. జాబితా చిన్నపిల్లలున్న ఇళ్ళతో మొదలవుతుంది. ఇరవై రెండో ఇంటితో బండి ఖాళీ అయింది. ఇరవై మూడో ఇంటావిడ నడుం మీద చెయ్యేసుకుని వాకిట్లో నిలబడింది.

"మాది ఏదీ?"

"రాలేదు తల్లీ. మూడు వారాలు పడుతుంది. నా జల్లెడ తప్పు. చేసినవి పగలగొట్టేశాం."

"నీ కూతురిది మాత్రం పగల్లేదే!"

"దాని నంబరు పద్నాలుగు. నీది ఇరవై మూడు."

"నంబర్లు తాగుతాయా నీళ్ళు? పిల్లలు తాగుతారు గానీ."

ఆయన మిగతా ఇళ్ళకీ ఒక్కోదానికీ వెళ్ళి అదే మాట చెప్పాడు. నా జల్లెడ తప్పు, మూడు వారాలు ఆగండి, అందాకా కాచుకుని తాగండి. కొందరు తిట్టారు. ఒక ముసలాయన తలుపేశాడు. బట్టీ మామ, "నేను చెప్తాలే, నువ్వు కూర్చో" అన్నా వినలేదు. తప్పు చేసినవాళ్ళు గడప గడపకీ వచ్చి నాది తప్పు అని చెప్పడం ఆ బస్తీ ఎన్నడూ చూడలేదు. గొట్టం పగలనిచ్చినవాళ్ళలో ఒక్కడైనా రాలేదు.

కూతురింట్లో కుండని తనే బకెట్టు మీద కూర్చోబెట్టి, కొళాయి నీళ్ళతో నింపాడు. లోపల చెయ్యి పెట్టకూడదు, సబ్బు తగలనివ్వకూడదు, మొదటి గంట దిగినవి పారబొయ్యాలి అన్నాడు. కూతురు అన్నిటికీ తలూపింది. తర్వాత గుమ్మంలోకి వెళ్ళి ఇరవై మూడో ఇంటివైపు అరిచింది.

"వదినా! మీ పిల్లలకి తాగే నీళ్ళు ఇక్కడే పట్టుకెళ్ళు. తిట్లు మా నాన్నకి చాల్లే, సరిపడా పెట్టావు!"

"ఇంకా నాలుగు మిగిలే ఉన్నాయి, వచ్చి పెడతా!" అని అట్నుంచి వినిపించింది. కాసేపటికి ఖాళీ బాటిలు పట్టుకుని ఆవిడ వచ్చింది. తిట్లేమీ పెట్టలేదు.

బట్టీ మామ బండి తీసుకుని వెళ్ళిపోయాడు. కూతురు ఇంట్లో ఉన్న ఒకే ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వాకిట్లో వేసింది. బాబాయి కూర్చుని, ముక్కుగుడ్డ విప్పి, దులిపి, ఒళ్ళో పెట్టుకున్నాడు. సాయంత్రపు ఎండ గోడల మీదికి ఎక్కుతోంది. లోపల్నుంచి చప్పుడు వస్తోంది. టప్. కొంత నిశ్శబ్దం. టప్.

పిల్ల బకెట్టు ముందు గొంతుక్కూర్చుని చెవి ఆనించింది.

"తాతా, లోపల ఎవలున్నాలు?"

"ఎవరూ లేరమ్మా. ఒట్టి ఖాళీ" అన్నాడు ఆయన. గొంతులో ఆశ్చర్యం ఇంకా తగ్గలేదు. "ఆ ఖాళీయే చేస్తుంది అంతా."

పిల్లకి అది నచ్చినట్టుంది. మళ్ళీ చెవి ఆనించింది.

మొదటి గంట నీళ్ళు కూతురు చెట్టు మొదట్లో పోసింది. రెండోసారి దిగిన నీళ్ళు గ్లాసులో పట్టి తండ్రికి చూపించింది. గ్లాసు అడుగున ఉన్న గీత కూడా నీళ్ళలోంచి కనిపిస్తోంది.

"ముందు దానికి" అన్నాడు.

పిల్ల రెండు చేతులతో గ్లాసు పట్టుకుని ఆపకుండా తాగింది. గుటక గుటకకీ గొంతు కదలడం తాత చూశాడు. తాగి, ఊపిరి పీల్చుకుని, "ఇంకా" అంది. ఆయన నవ్వాడు. వెనక్కి ఒరిగి, కళ్ళు మూసుకుని, చుక్కలు వింటూ కూర్చున్నాడు.

కూతురు పిల్లకి ఇంకో అరగ్లాసు పోసి, ఇరవై మూడో ఇంటావిడ బాటిలు నింపి పంపి, అప్పుడు తండ్రికి పట్టుకొచ్చింది.

"నాన్నా, నీళ్ళు."

ఆయన చెయ్యి మోకాలి మీద వెల్లకిలా ఉంది. కూతురు గ్లాసు ఆ చేతిలో పెట్టబోయి, వేళ్ళు ముడుచుకోకపోవడం చూసి ఆగింది. లోపల టప్ మంది. దగ్గు లేదు. ఎప్పుడూ ఉండే ఆ దగ్గు లేకపోవడం వల్లే ఆమెకు తెలిసింది.

తిట్టినవాళ్ళూ వచ్చారు, తలుపేసుకున్న ముసలాయనా వచ్చాడు. నలుగురు చేతులు వేసి ఆయన్ని నెమ్మదిగా లేపి లోపలికి తీసుకెళ్ళారు. కుర్చీ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అది వాకిట్లోనే ఉండిపోయింది, చేతుల మీదా, వీపు పట్టీల మీదా, అంచుల మీదా సన్నటి పొట్టు పరుచుకుని, నడుమ ఆయన కూర్చున్నంత మేర మాత్రం శుభ్రంగా, ఎర్రగా, ఖాళీగా.